సాక్ష్యం వేళ చదివిన ఉత్తరం

పోయిన నెల ఒక పొద్దున బెండకాయలు తరుగుతుంటే ఫోన్ మోగింది. తెలియని నంబరు. ఈ వయసులో తెలియని నంబరు కనబడితే ఎవరికేమైందోనని ముందు గుండె దడదడలాడుతుంది, తర్వాతే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. చేసింది ఎస్తేరు అనే ఆవిడ, బాన్సువాడ నుంచి. మా పాత వీధి చివరున్న చిన్న చర్చిలో పెద్దవాళ్లకు క్లాసులు చెబుతుందట. "మేడమ్, మా హాలు పైకప్పు మారుస్తున్నం. పాత బీరువ ఖాళీ చేస్తుంటే ఎనకటి క్లాసు నోటుబుక్కులు దొరికినయి. ఒకదాని మీద సాయవ్వ అని ఉంది. షమీమ్ ఆపా చూసి, గిది అనసూయ వాళ్లమ్మది, ఆమెకు ఫోన్ చెయ్యుమన్నది" అని చెప్పింది. సాయవ్వ మా అమ్మ. అమ్మ పోయి రెండేళ్లయింది. షమీమ్ ఆపా ఆ వీధిలో అమ్మ స్నేహితురాలు. వస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ పూట బెండకాయలు సగంలోనే ఉండిపోయాయి.

తల్లి చేతిరాత దొరికిందంటే ఎవరైనా పరుగెత్తుకుంటూ వెళ్తారు. నేను మూడు వారాలు వాయిదా వేశాను. ఒక వారం వానలన్నాను, ఇంకో వారం బీపీ అన్నాను, మూడో వారం ఏ సాకూ దొరక్క మంచం మీద కూర్చొని గోళ్లు కొరుక్కున్నాను. ఇది నాకు చిన్నప్పటి అలవాటు, ఏ సందర్భంలో మొదలైందో కూడా నాకు తెలుసు. ఏడో తరగతిలో ఉన్నప్పుడు నేనొక ఉత్తరాన్ని అబద్ధంగా చదివాను. దుబాయి నుంచి నాయన రాసిన ఉత్తరం. అందులో నన్ను బడి మాన్పించమని ఉంటే, చదివించమని ఉన్నట్టు అమ్మకూ నాయినమ్మకూ వినిపించాను. వాళ్లిద్దరికీ చదువు రాదు కాబట్టి నమ్మారు. అమ్మ పోయిన ఏడాదికి నిజామాబాదులో టీచరుగా నాకు చిన్న సన్మానం జరిగితే, శాలువా కప్పుకొని మైకు ముందు ఈ సంగతి గొప్పగా చెప్పుకున్నాను కూడా. పన్నెండేళ్ల వయసులో ఒక్క అబద్ధంతో నా చదువును నేనే కాపాడుకున్నానని అంటే జనం బాగా చప్పట్లు కొట్టారు. అమ్మ బతికున్నన్నాళ్లూ మాత్రం ఆ మాట నా నోటి నుంచి రాలేదు. ఆమె ఆ ఉత్తరం చదివిందా లేదా అన్నది నాకు చివరిదాకా తెలియలేదు. తెలుసుకోవాలంటే అడగాలి. అడగాలంటే ఒప్పుకోవాలి. ఆ రెండూ నా వల్ల కాలేదు.

చివరికి ఒక బుధవారం బాన్సువాడ బస్సెక్కాను. వర్ని దాటాక కాలువ పక్కన వరి పచ్చగా పరుచుకొని కనబడింది. నిజాంసాగర్ నీళ్లు వదిలినట్టున్నారు. కిటికీ పక్కన కూర్చొని నేను వరిని చూడటం లేదు, ఆ నోటుబుక్కులో ఏముంటుందా అని లెక్కలు వేస్తున్నాను. అక్షరాలు దిద్దుకున్న పేజీలే ఉంటే బాగుండు అనుకున్నాను. నా పేరు మాత్రం ఉండకూడదు.

అప్పట్లో మా ఇంటి పొద్దు తునికాకుతో మొదలయ్యేది. అమ్మ తెల్లారకముందే ఆకు తడిపి గోనెసంచిలో చుట్టి పెట్టేది. నేను నిద్ర లేచే సమయానికి ఇల్లంతా తడి ఆకు వాసన, దాని మీద పొగాకు ఘాటు, ఆ పైన పొయ్యి మీద కాలుతున్న జొన్న రొట్టె వాసన. రొట్టెల పని అయ్యాక అమ్మ రేకు ముక్కను కొలతగా పెట్టి ఆకు కత్తిరించేది. తర్వాత చాట ఒళ్లో పెట్టుకొని కూర్చుంటే, అన్నానికి తప్ప పొద్దుగూకేదాకా లేచేది కాదు. చాటలో ఒక పక్క ఆకు, ఒక పక్క పొగాకు, మూలకు దారపు ఉండ. ఆమె వేళ్లు వాటంతట అవే బీడీలు చుట్టుకుంటూ పోయేవి. కళ్లు మాత్రం ఖాళీగా గోడను చూస్తుండేవి. ఆ గోడకే వంచిన ఇనుపతీగ ఒకటి వేలాడేది, దానికి గుచ్చిన నాయన ఉత్తరాలుండేవి.

ఉత్తరం వస్తే మా ఇంట్లో దానికొక పద్ధతి ఉండేది. ముందు నాయినమ్మ దాన్ని చేతిలోకి తీసుకొని వాసన చూసేది. "నా కొడుకు చెమట వాసనస్తుంది" అనేది. ఎన్ని సముద్రాలు దాటొచ్చిన కాగితానికి చెమట వాసన ఎక్కడిదని నేను నవ్వితే, కింది పెదవి కింద పెట్టుకున్న పొగాకు సర్దుకొని నావైపు చురచుర చూసేది. తర్వాత నేను గడపలో కూర్చొని చదవాలి. చదవడం అయ్యాక మళ్లీ మొదటి నుంచి చదవాలి. "ఇంకోసారి చదువు బిడ్డా" అనేది నాయినమ్మ. మర్నాడు కూడా అదే మాట. కొత్త ఉత్తరం వచ్చేదాకా పాతదాన్ని పదిసార్లు, ఇరవైసార్లు వినేది. ఒక్క ముక్క అటూ ఇటూ అయినా పట్టేసేది. "నిన్న గట్ల సదవలే గదా" అనేది. చదువురాని మనిషికి అంత జ్ఞాపకం ఎలా ఉండేదో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆ వానాకాలంలో వచ్చిన ఉత్తరంలో మూడో పేరాలో ఉంది ఆ మాట. అనసూయను ఏడో తరగతితో బడి మాన్పించు, బీడీలకు కూర్చోబెట్టు, నేను వచ్చే వానాకాలం సెలవు మీద వచ్చినంక సంబంధం చూద్దాం అని. నేను పైపైన చూసుకోకుండానే గట్టిగా చదువుకుంటూ వచ్చి అక్కడ ఆగిపోయాను. అమ్మ చేతిలో బీడీ కూడా ఆగింది. "ఏమైందే" అంది. రాత అర్థం కావడం లేదన్నాను. నిజానికి నాయన రాత అలాంటిదే, మాటకూ మాటకూ మధ్య జాగా వదలకుండా రాసేవాడు. ఆ కాస్త సందులో నా నోటికొచ్చిన మాట ఇది: "అనసూయను మంచిగ చదివించు. అది ఎంతదాక చదువుతనంటె అంతదాక చదవనియ్యి." నాయినమ్మ పొగాకు ఉమ్మేసి, "నా కొడుకు గట్లన్నడా? ఇంకోసారి చదువు" అంది. చదివాను. మళ్లీ చదవమంది. మళ్లీ అదే చదివాను. ఆ రోజు నుంచి ఆ రెండు వాక్యాలను ఎక్కం లాగా మనసులో వల్లె వేసుకుంటూ తిరిగాను, ఎప్పుడు ఎక్కడ తప్పుతానోనని. బహుశా నేను గోళ్లు కొరకడం మొదలుపెట్టింది అప్పుడే.

జవాబు రాయాల్సింది కూడా నేనే. అమ్మ బీడీలు చుడుతూ, "నువ్వు చెప్పినట్టె పిల్లను చదివిస్త అని రాయి" అంది. ఆ మాట రాస్తే నా పని అయిపోయినట్టే. రాయకపోతే అమ్మను మోసం చేసినట్టు. పెన్ను పట్టుకొని చాలాసేపు ఆలోచించి "మీరు చెప్పినట్టే చేస్తాను" అని రాశాను. అది చదివి నాయన నేను బడి మానేస్తున్నానని అనుకుంటాడు. అమ్మ మాత్రం తను చెప్పిందే రాశానని అనుకుంటుంది. ఎంత తెలివైనదాన్నో అని ఆ రోజు పొంగిపోయాను. మర్నాటికి ఆ తెలివి దిగిపోయింది. వచ్చే వానాకాలం నాయన ఇంటికొస్తాడు. అప్పటికి నేను ఎనిమిదో తరగతిలో ఉంటాను. యూనిఫాం చూస్తాడు. అప్పుడు ఏం జరుగుతుంది?

ఇక్కడిదాకా ఒక భయమే. రెండో భయాన్ని నేనే తెచ్చుకున్నాను. ఆ ఉత్తరం విన్నాక అమ్మ దాన్ని తీగకు గుచ్చలేదు, తన చీరల పెట్టెలో పైన పెట్టుకుంది. అప్పుడప్పుడు తీసి విప్పి చూసేది. వారం పది రోజులకు షమీమ్ ఆపాతో, "మీ చాటల బడికి నేను గూడ అస్త" అంది. షమీమ్ ఆపా మా పక్కింటావిడ. ఆమె కూడా బీడీలు చుట్టేది. ఇంట్లో దఖ్నీ ఉర్దూ మాట్లాడేది, మాతో తెలుగు. అమ్మకంటే రెండు మూడేళ్లు చిన్నది. ఎందుకమ్మా ఇప్పుడు చదువు, నేను చదివిపెడుతున్నాను కదా అన్నాను. అమ్మ సిగ్గుపడుతూ, "ఇన్ని దినాలు నీ నోటితోని విన్న. మీ నాయన నీ గురించి రాసిన మాట నా కండ్లతోని చూస్కోవాలె" అంది. నేను చెప్పిన అబద్ధం కోసమే మా అమ్మ అక్షరాలు నేర్చుకోవడానికి బయల్దేరింది.

చాటల బడి అంటే ఆ చిన్న చర్చిలో పెద్దవాళ్లకు నడిచే క్లాసు. మధ్యాహ్నం అన్నాలయ్యాక మొదలయ్యేది. చర్చి చూసుకునే దేవదానం అయ్యగారు, ఆయన భార్య రూతమ్మ అమ్మగారు కలిసి చెప్పేవారు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది బీడీలు చుట్టే ఆడవాళ్లు. చేతిపని వదిలేసి రాలేరు కాబట్టి చాటలతోనే వచ్చి హాల్లో వరుసగా కూర్చునేవారు. ఒళ్లో చాట, ముందు కాగితం. చేతులు బీడీలు చుడుతుంటే నోళ్లు అక్షరాలు కూడబలుక్కునేవి. దేవుని మందిరంలో పొగాకేంటని సంఘంలో పెద్దమనుషులు కొందరు గొడవపడ్డారట. "చేతులకు పనుంది. కండ్లకు లేదు గద. ఆ కండ్లను నాకియ్యమన్న, చేతులను కాదు" అన్నాడట అయ్యగారు. అక్కడ ప్రార్థన చేయాలన్న నియమం లేదు. ఆదివారం ప్రసంగంలో ఆయన చెప్పింది నచ్చకపోతే సోమవారం క్లాసులో నిలబడి అడగొచ్చు. ఆయన ఆలోచించి జవాబిచ్చేవాడు, ఒక్కోసారి నాకు తెలియదనేవాడు. దీంతో ఆయనకు రెండు వైపులా తిట్లే. మతంలో కలుపుకుంటాడని మా వీధివాళ్లు, ఇంతమంది వస్తుంటే ఒక్కరినీ కలుపుకోవడం లేదని ఆయన సంఘంవాళ్లు.

నాయినమ్మ మొదట ఒప్పుకోలేదు. "ఆడ ఏమన్న పెడ్తె తినకు, ఏమన్న పాడుమంటె పాడకు" అని షరతులు పెట్టి, చుట్టాల్సిన బీడీలు తగ్గకూడదని ఇంకో షరతు పెట్టి పంపింది. నేను బడి నుంచి వచ్చేసరికి అమ్మ ఇంకా అక్కడే ఉండేది. పిలవడానికన్నట్టు వెళ్లి కిటికీ ఊచలు పట్టుకొని చూసేదాన్ని. ఎంతవరకు వచ్చిందా అని. అ, ఆల దగ్గర ఉన్నంతకాలం హాయిగా ఉన్నాను. గుణింతాలు మొదలైన రోజు నాకు అన్నం సయించలేదు.

ఆ క్లాసులో పుస్తకం ఉండేది కాదు. ఎవరింట్లో ఉన్న కాగితాన్ని వాళ్లే తెచ్చుకోవాలి. మందుల చీటీ, విత్తనాల సంచి మీది రాత, పెళ్లి కార్డు, దవాఖానలో ఇచ్చిన కాగితం, ఏదైనా సరే. మన ఇంటికొచ్చిన కాగితం మనకు తెలియకపోవడమే అసలైన గుడ్డితనం అనేది అమ్మగారు. రెండో నియమం రాతకు సంబంధించింది. ఎవరు ఏ ఉత్తరం రాసినా ముందు నోటుబుక్కులో రాయాలి, దాన్ని చూసి మంచి కాగితం మీద ఎక్కించి పంపాలి. నోటుబుక్కులు ఇంటికి పోవు, హాల్లో బీరువాలో ఉంటాయి. ఇళ్లలో చూసి నవ్వేవాళ్లుంటారని ఆ జాగ్రత్త. ఆ బీరువా వైపు నేనెప్పుడూ కన్నెత్తి చూడలేదు. నా కళ్లన్నీ అమ్మ చేతిలోని కాగితం మీదే ఉండేవి, అది ఆ ఉత్తరమేనా అని.

ఒక రోజు అది ఆ ఉత్తరమే అయింది. ఆ సాయంత్రం పెట్టె తీసి చూస్తే ఉత్తరం లేదు. రెండు రోజులకు మళ్లీ పెట్టెలో కనబడింది. అమ్మ కాలువ దగ్గరికి బట్టలు ఉతకడానికి పోయిన సమయం చూసి, మూడో పేరా మీద తడి వేలితో రుద్దాను. బాల్ పెన్ను రాత, చెక్కు చెదరలేదు. నూనె చుక్క వేద్దామనుకున్నాను, మిగిలిన రాత కూడా పాడైతే దొరికిపోతానని మానుకున్నాను. చింపేస్తే పోయె కదా అనుకొని రెండు చేతులతో పట్టుకొని కూడా, చింపలేక మళ్లీ మడిచి పెట్టాను. అది అమ్మకు ఎంత ఇష్టమైన కాగితమో నాకు తెలుసు. అందులో ఆమెకు ఇష్టమైన మాట లేదనీ నాకొక్కదానికే తెలుసు.

ఆ రోజుల్లో ఒక మూడు రోజులు అమ్మ బీడీలు చుట్టలేదు. చాట ఒళ్లో పెట్టుకొని ఊరికే కూర్చుంది. జ్వరమా అని నాయినమ్మ నుదురు పట్టి చూసింది. నేను దగ్గరికి పోలేదు. చదివేసిందనుకున్నాను. తిడుతుందని, కొడుతుందని, నాయినమ్మకు చెబుతుందని మూడు రోజులు ప్రాణాలు బిగబట్టుకొని తిరిగాను. నాలుగో రోజు అమ్మ లేచి ఆకు తడిపింది. నాకు తల దువ్వుతూ, "మీ నాయన రాత చిక్కువడ్డ దారమే. ఒక్క ముక్క పడ్తలేదు" అంది. నా మనసు ఎంత తేలికైందంటే, ఆ రోజు బడికి పరుగెత్తుకుంటూ పోయాను. తర్వాత చలికాలంలో యాసంగి వరినాట్లు వచ్చి, అమ్మ వర్ని వైపు నాట్లకు పోవడంతో కొన్నాళ్లు క్లాసు గొడవ కూడా లేదు. అమ్మ నేర్చుకున్న అక్షరాలు మరిచిపోతే బాగుండునని నేను ఏ దేవుడికి మొక్కానో నాకే తెలియదు. కన్నతల్లికి చదువు రాకూడదని మొక్కిన పిల్లను నేను.

నాట్లయ్యాక నాయన ఉత్తరం ఇంకొకటి వచ్చింది. ఈసారి ముందే పైపైన చూసుకున్నాను. బడి సంగతి ఎక్కడా లేదు. చివర్లో ఒక్క ముక్క మాత్రం ఉంది: "సాయవ్వా, నువ్వు రాసింది అందింది. ఇగ దాని గురించి ఏమనను." నేను రాసిన "మీరు చెప్పినట్టే చేస్తాను" చేరిందనుకున్నాను. నేను బడి మానేశానని తృప్తిగా ఉన్నాడనుకున్నాను. అమ్మకు ఆ ముక్క కూడా చదివి వినిపించాను. ఆమె తల ఎత్తకుండా ఊఁ అంది.

ఎండలు ముదురుతుండగా అమ్మ వంతు వచ్చింది. ఆదివారం ఆరాధన చివర వాళ్ల చర్చిలో సాక్ష్యం వేళ అని ఉంటుంది. తమకు జరిగిన మేలును విశ్వాసులు లేచి చెప్పుకుంటారు. అయ్యగారు ఆ సమయంలో కొంత చాటల బడివాళ్లకు ఇచ్చాడు. చదవడం వచ్చినవాళ్లు తమ ఇంటి కాగితం ఒకటి తెచ్చి అందరి ముందు చదవాలి, అదే వాళ్ల సాక్ష్యం. ఏ మతంవాళ్లయినా సరే. పక్కన రూతమ్మ అమ్మగారు నిలబడి కాగితం చూస్తూ ఉంటుంది, తప్పు పోతే దిద్దుతుంది. ఉన్నది ఉన్నట్టు చదవాలి, అది ఆమె పట్టింపు. అమ్మ నాయన ఉత్తరం చదువుతానంది. వేరేది చదువమ్మా, మందుల చీటీ చదువు, పెళ్లి కార్డు చదువు అని ఎంత బతిమాలినా వినలేదు. "అత్త గూడ అస్తనన్నది. ఆమె కొడుకు మాటే సదువుత" అంది.

ఆ ఆదివారం నాయినమ్మ చెప్పులు చేతిలో పట్టుకొని గుమ్మం దగ్గరే కూర్చుంది, ఏదైనా జరిగితే లేచి పోవడానికి వీలుగా. నేను మూడో వరుసలో కూర్చున్నాను. పారిపోదామంటే గుమ్మంలో నాయినమ్మ ఉంది. అమ్మ లేచి కాగితం విప్పింది. వేలు రాత కింద పెట్టుకొని, ఒక్కో మాటా ఎత్తి పెడుతున్నట్టు చదివింది. అక్కడ ఎండలు, ఇక్కడ అందరూ క్షేమమని తలుస్తాను, అమ్మకు దండాలు. గుమ్మం దగ్గర నాయినమ్మ తల ఊపుతోంది. మూడో పేరా వచ్చింది. అమ్మ వేలు ఆగింది. నేను కళ్లు మూసుకున్నాను.

"అనసూయను... మంచిగ చదివించు. అది... ఎంతదాక చదువుతనంటె... అంతదాక చదవనియ్యి."

కళ్లు తెరిచి చూస్తే అమ్మ వేలు కదులుతూనే ఉంది. పక్కన అమ్మగారు కాగితం వైపు చూసి, తలెత్తి నా వైపు చూసింది. ఏమీ దిద్దలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నాయినమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది, ఆ రోజు తర్వాత నా చదువు గురించి ఒక్కనాడూ ఎదురు మాట్లాడలేదు. నేనేమనుకున్నానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. బతికిపోయాననుకున్నాను. అమ్మకు ఆ ముక్క చదవడం రాలేదు, నా నోట విని విని కంఠతా వచ్చినదాన్ని అప్పజెప్పింది అనుకున్నాను. పాపం అమ్మగారు మొహమాటపడి వదిలేసిందనుకున్నాను. మా అమ్మకు చదువు అబ్బలేదని జాలిపడ్డాను కూడా.

వానలు పడ్డాక నాయన వచ్చాడు. ఆయన వచ్చిన రోజు నా యూనిఫాం దండెం మీద ఆరుతోంది. తీసి దాచేలోపే ఆయన లోపలికి వచ్చేశాడు. పెట్టె దించి, యూనిఫాం వైపు చూశాడు. నన్ను చూశాడు. నా వెనక గుమ్మంలో అమ్మ చాట పట్టుకొని నిలబడి ఉంది. "ఎనిమిదా?" అన్నాడు. తల ఊపాను. "చదువు" అని కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. అంతే. ఆయన మరిచిపోయాడనుకున్నాను, కొన్నాళ్లకు నా తెలివికి ఆయన కూడా లొంగిపోయాడనుకున్నాను. కానీ ఏ రోజు గుర్తొస్తుందోనన్న భయం మాత్రం పదో తరగతి దాకా, కాలేజీ దాకా, నాకు ఉద్యోగం వచ్చేదాకా పోలేదు. పిల్లలకు పాఠం చెబుతున్నప్పుడు కూడా గుమ్మంలో ఎవరైనా నిలబడితే ఉలిక్కిపడేదాన్ని.

బుధవారం నేను వెళ్లేసరికి హాలు పైరేకులు సగం తీసేసి ఉన్నాయి. క్లాసు బయట టార్పాలిన్ కింద జరుగుతోంది. పదిమంది పెద్దవాళ్లు, చేతుల్లో ఫోన్లు. చాటలు లేవు, పొగాకు వాసన లేదు. ఫోన్లో వచ్చే మెసేజీల్లో ఏది నమ్మాలి, ఏది నమ్మకూడదు, ఏ లింకు నొక్కకూడదు అని ఎస్తేరు చెబుతోంది. ఇప్పుడు చదువు రాకపోయినా పని నడుస్తుంది, ఫోనే చదివి వినిపిస్తుంది, ఫోన్లోనే మాట్లాడి పంపొచ్చు. మా నాయన ఇప్పుడు దుబాయిలో ఉండుంటే ఆ మాట నేరుగా ఆయన గొంతులోనే మా ఇంటికొచ్చేది. నాకు అబద్ధం చెప్పే సందు దొరికేది కాదు. మంచిదో చెడ్డదో తేల్చుకోలేకపోయాను. ముందు వరుసలో షమీమ్ ఆపా కూర్చొని ఉంది. బాగా వంగిపోయింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, "కిత్నా దేర్ కర్దియే బేటీ, గింత ఆలస్యమా. మూడు వారాలు చూసిన" అంది.

ఎస్తేరు నోటుబుక్కు తెచ్చిచ్చింది. అట్ట మీద సాయవ్వ అని రూతమ్మ అమ్మగారి రాత. మొదటి పేజీల్లో దిద్దుకున్న అక్షరాలు, వంకర గీతలు, అక్కడక్కడ పొగాకు మరకలు. నాకు ధైర్యం వచ్చింది. ఇంకా తిప్పాను. మధ్యలో ఒక పేజీ నిండా రాత ఉంది, కొట్టివేతలతో. పైన నాయనకు సంబోధన. చదివాను. మళ్లీ చదివాను. "ఆపా, నీకిది తెలుసా?" అన్నాను.

"తెల్వకేంది. మూడు దినాలు చాట ముట్టలే మీ అమ్మ. నాలుగో దినం అచ్చి గిది రాసింది. దినమింత, దినమింత, ఎనిమిది దినాలు పట్టింది. పైన అడ్రసు అమ్మగారు రాసిచ్చింది. పోస్టు డబ్బాల నేనే ఏసిన. నీకు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నది. ఆమె పోయింది గద, ఇగ ఒట్టు లేదని ఫోన్ చెయ్యుమన్న."

టార్పాలిన్ కింద అందరూ నా వైపే చూస్తున్నారు. ఎస్తేరు మెల్లగా, "మా దగ్గర ఇంటి కాగితం తెచ్చినోళ్లు అందరి ముంగట చదువుతరు మేడమ్. మీకిష్టమైతేనే" అంది. ఆ పద్ధతి ఇంకా ఉందన్నమాట. లేచి నిలబడ్డాను. నలభై ఏళ్లు పిల్లలకు పాఠాలు చదివి వినిపించినదాన్ని, అమ్మ లాగే రాత కింద వేలు పెట్టుకున్నాను.

"అనసూయ నాయినకు సాయవ్వ రాసేది. ఈడ అందరం మంచిగున్నం. ఇది నేనే రాస్తున్న, పిల్ల రాస్తలేదు. నువ్వు రాసింది నేనే చదివిన. పిల్ల వేరే తీరుగ చదివింది. నువ్వు రాసింది నాకు నచ్చలే. పిల్ల చదివిందే నచ్చింది. నేను అదే చేస్త. దాన్ని బడి మాన్పియ్య. నువ్వు అచ్చినంక దాన్ని ఏమనకు. అత్తకు గూడ పిల్ల చదివిందే వినిపిస్త, దేవుని ఇంట్ల నిలబడి వినిపిస్త, పాపం నాకే రానియ్యి. నాకు తెలిసినట్టు పిల్లకు తెల్వద్దు. తెలిస్తె భయపడ్తది. చదువుకునే పిల్లకు భయం ఉండొద్దు."

అక్కడితో అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. షమీమ్ ఆపా కళ్లు తుడుచుకొని, "ఇంకోసారి చదువు బిడ్డా" అంది. ఇంకోసారి చదివాను. ఒక్క మాట కూడా మార్చలేదు.